కచేరీకి ఏ లెన్సు, కూచిపూడికి ఏ చోటు: వేదిక ఫోటోల్లో ఎంపికలు

వేదిక మీద ఫోటోలు తీయాలంటే ఏం కొనాలని ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు: 70-200 ఎఫ్ 2.8 కొనుక్కో, ఐఎస్ఓ పెంచుకో. (70-200 అన్నది లెన్సు ఎంత దగ్గరగా చూపుతుందో చెప్పే మిల్లీమీటర్ల అంకె, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ వెలుతురు తెస్తుంది, ఐఎస్ఓ అంటే ఆ వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలన్నది.) తప్పు సలహా కాదు గానీ, సగం కార్యక్రమాలకే పనికొస్తుంది. కర్ణాటక సంగీత కచేరీలో కళాకారులు రెండు, రెండున్నర గంటలు కూర్చున్న చోటు నుంచి లేవరు. కోణం మార్చుకోవాలంటే కదలాల్సింది మనమే. కూచిపూడిలో నర్తకి ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూనే ఉంటుంది. మనం ఒక మంచి చోటు పట్టుకుని కదలకుండా ఉండాలి. చోటు, లెన్సు, షట్టర్, వెలుతురు కొలిచే పద్ధతి, ఫోకస్ ఏది ఎంచుకున్నా ఈ తేడాను బట్టే ఎంచుకోవాలి. అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు చోటు, తర్వాతే లెన్సు

కచేరీలో ఎవరు ఎటు కూర్చుంటారో తెలిస్తే సగం పని అయినట్టే. మృదంగం కుడిచేతి వైపు ప్రేక్షకులకు ఎదురుగా ఉండాలన్నది ఆనవాయితీ. అందుకని కుడిచేతి వాటం ఉన్న విద్వాంసులు మనకు ఎడమవైపు కూర్చుంటారు, వయొలిన్ కుడివైపు ఉంటుంది. మృదంగం వాయించేవారిది ఎడమచేతి వాటమైతే ఈ ఇద్దరి స్థానాలూ తారుమారవుతాయి. ఇద్దరూ గాయకుల వైపు కొంచెం తిరిగి కూర్చుంటారు కాబట్టి, మృదంగ విద్వాంసుడి ముఖం కావాలంటే హాల్లో కుడి నడవకు వెళ్ళాలి, వయొలిన్ వారి ముఖం కావాలంటే ఎడమ నడవకు వెళ్ళాలి. కొత్తవాళ్ళు దీనికి సరిగ్గా ఎదురు చేస్తారు. ఎవరిని తీయాలో వాళ్ళకు దగ్గరగా వెళ్ళి నిలబడతారు, చెవి, భుజం తీసుకుని వస్తారు. దగ్గర వైపు నుంచి దొరికేది వేరే ఫోటో: మృదంగం మీద నల్లటి కరణి, దాని మీద ఆడే కుడిచేతి వేళ్ళు. అదీ తీయాల్సిందే. కాకపోతే ముఖంతో పాటు రాదు.

గాయకుల ముందు మైకు ఒక పెద్ద ఆటంకం. సరిగ్గా ఎదురుగా కూర్చుంటే మైకు తల నోటి మీద పడుతుంది, దాని నీడ గడ్డం మీద పడుతుంది. మధ్య నుంచి ముప్ఫై డిగ్రీలు పక్కకు జరిగితే మైకు చెంప పక్కకు తప్పుకుంటుంది. వేణువును మన సంప్రదాయంలో వాయించేవారి కుడివైపుకు, అంటే మనకు ఎడమవైపుకు పట్టుకుంటారు. ఎడమ నడవలో కూర్చుంటే వేణువు నేరుగా లెన్సులోకి పొడుచుకొచ్చి పొట్టిగా కనిపిస్తుంది. మధ్య నుంచి, లేదా కాస్త కుడి నుంచి తీయండి.

నాట్యానికి ఈ తిరుగుళ్ళు కుదరవు. ఇక్కడ చూసుకోవాల్సింది ఎత్తు. వేదిక మూడు నాలుగు అడుగుల ఎత్తుంటే మొదటి వరుసలో కూర్చున్నవారి కన్ను ఇంచుమించు వేదిక నేలకు సమంగా ఉంటుంది. అక్కడి నుంచి తీస్తే గజ్జెలు వేదిక అంచు వెనకో, మానిటర్ స్పీకర్ వెనకో దాక్కుంటాయి. ముఖం కింద నుంచి కనిపిస్తుంది. అరమండిలో (మోకాళ్ళు పక్కలకు వంచి నిలిచే భంగిమ) మోకాళ్ళు పెద్దవై తల చిన్నదవుతుంది. తరంగం ఉంటే మరీ నష్టం: నర్తకి ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు నిలిపి కదులుతుంటే, పళ్ళెమే కనబడని ఫోటోలో ఆ అంశానికి గుర్తేమీ మిగలదు. మధ్య నడవలో ఆరు నుంచి పది వరుసల వెనక, నేల వాలుగా పైకి లేచే చోటు వెతకండి. మీ కన్ను వేదిక నేలకంటే కనీసం ఒక అడుగు పైన ఉంటే పాదాల కింద నేల కనిపిస్తుంది, నర్తకి గాల్లో వేలాడుతున్నట్టు ఉండదు. బాల్కనీ బృంద నాట్యాలకు బాగుంటుంది, వరుసలు, వలయాలు విడివిడిగా తెలుస్తాయి. ఏకపాత్రకు మాత్రం పనికిరాదు. కళ్ళు కిందికి వాలినట్టు కనిపించి అభినయం పోతుంది.

పక్క తెరల సందు నుంచి తీయడం చాలామందికి ఆకర్షణ. రిమ్ లైటు, అంటే ఒంటి అంచుల వెంట మెరిసే వెలుగు, అందంగా వస్తుంది, నిజమే. కానీ కూచిపూడి భంగిమలు ఎదుటి ప్రేక్షకుల కోసం కట్టినవి. పక్కనుంచి చూస్తే చేతులు ఒకదాని మీద ఒకటి పడి అడవు (అడుగు, చేతుల కలయిక) ఆకారం కోల్పోతుంది. అక్కడ నాలుగైదు ఫోటోలకు మించి ఆశించకండి.

చోటు తేలాక లెన్సు లెక్క

నర్తకిని నిలువుగా, తల పైన చేయి ఎత్తినా తెగకుండా తీయాలంటే ఫ్రేమ్‌లో కనీసం రెండున్నర మీటర్ల ఎత్తు పట్టాలి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ పొడవు 36 మిల్లీమీటర్లు. దాన్ని లెన్సు ఫోకల్ లెంగ్తుతో భాగించి దూరంతో గుణిస్తే, కెమెరా నిలువుగా పట్టుకున్నప్పుడు ఎంత ఎత్తు పడుతుందో తెలుస్తుంది. పది మీటర్ల దూరం నుంచి 85 ఎంఎం లెన్సులో 4.2 మీటర్లు, 135లో 2.7 మీటర్లు, 200లో 1.8 మీటర్లు పడతాయి. అంటే పది మీటర్ల నుంచి పూర్తి రూపానికి 135 సరిపోతుంది. 200లో నడుము నుంచి పైకి తీసుకోవాలి, లేకపోతే చేతులు తెగుతాయి. ఇరవై మీటర్ల వెనక సీటు దొరికితే లెక్క రెట్టింపు: 200లో 3.6 మీటర్లు, 300లో 2.4 మీటర్లు. క్రాప్ సెన్సర్ (అంతకంటే చిన్న సెన్సర్) అయితే 36 బదులు 23.5 వేసుకోండి. పది మీటర్ల నుంచి దానికి 85 ఎంఎం లెన్సే 2.8 మీటర్లు పట్టి పూర్తి రూపం ఇస్తుంది.

ఈ లెక్క చూశాక నాట్యానికి జూమ్ ఎందుకు కావాలో వేరే చెప్పక్కర్లేదు. వేదిక లోతు ఎనిమిది మీటర్లుంటే నర్తకి ఒకే జతిలో (తాళానికి కట్టిన అడుగుల వరుస) పది మీటర్ల దూరం నుంచి పద్దెనిమిదికి వెళ్ళి తిరిగొస్తుంది. మీరు లేచి ముందుకు నడవలేరు. ప్రైమ్ లెన్సుతో (జూమ్ లేనిది) సగం ఫోటోల్లో చేతులు తెగుతాయి, సగంలో ఖాళీ నేల ఎక్కువవుతుంది. 70-200 ఇక్కడ పెట్టిన ఖర్చుకు తగ్గ పని చేస్తుంది.

కచేరీలో అదే లెన్సు దాదాపు అనవసరం. కళాకారులు కదలరు, దూరం మారదు. ఆరు మీటర్ల నుంచి 85 ఎఫ్ 1.8 తో కెమెరా అడ్డంగా పట్టుకుంటే 2.5 మీటర్ల వెడల్పు వస్తుంది, గాయకులు, చేతి కదలికలు, పక్కన తంబురా పడతాయి. 135 అయితే ముఖం, చెయ్యి. ఎఫ్ 2.8 తో పోలిస్తే ఎఫ్ 1.8 రెట్టింపుకు పైగా వెలుతురు తెస్తుంది కాబట్టి ఐఎస్ఓ 3200 కావాల్సిన చోట 1600 లోపే సరిపెట్టుకోవచ్చు. బరువు కూడా మాటే: 70-200 ఎఫ్ 2.8 కిలో నుంచి కిలోన్నర, 85 ఎఫ్ 1.8 అరకిలో లోపు. తెల్లటి పెద్ద లెన్సు ఎత్తగానే వెనక వరుస రసికులు ఆలాపన వదిలేసి మిమ్మల్ని చూస్తారు, అదింకో ఖర్చు.

ఎఫ్ 1.8 ఉంది కదా అని ఎప్పుడూ అక్కడే వాడకండి. ఆరు మీటర్ల దగ్గర 85 ఎంఎం, ఎఫ్ 1.8 లో స్పష్టంగా ఉండే లోతు సుమారు అర మీటరు. గాయకుల ముఖానికి చాలు. కానీ గాయకులు, వయొలిన్ ఒకరినొకరు చూసి నవ్వుకునే క్షణంలో ఇద్దరూ స్పష్టంగా రావాలంటే ఎఫ్ 4 కావాలి. పది మీటర్ల నుంచి 200 ఎంఎం, ఎఫ్ 2.8 లో ఆ లోతు 40 సెంటీమీటర్ల చిల్లర మాత్రమే. ముందుకు చాచిన చేతి ముద్ర మసకేస్తుంది, కన్ను బాగుంటుంది. ముద్ర కూడా కావాలనుకుంటే ఎఫ్ 4 కు వెళ్ళి ఐఎస్ఓ రెట్టింపు చేయడం తప్ప దారి లేదు.

బడ్జెట్ తక్కువైతే మిగిలేవి 70-200 ఎఫ్ 4, లేదా 70-300, 55-250 తరహా ఎఫ్ 5.6 జూమ్‌లు. ఎఫ్ 2.8 కి, ఎఫ్ 5.6 కి తేడా రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది): అక్కడ ఐఎస్ఓ 3200 అయితే ఇక్కడ 12800. లెన్సులో స్టెబిలైజేషన్ ఉంది కదా, షట్టర్ తగ్గించుకోవచ్చు అనుకుంటారు. అది ఆపేది మీ చేతి వణుకునే, నర్తకి కదలికను కాదు. 1/60 లో వెనక తెర పదునుగా వస్తుంది, నర్తకి పొగలా ఉంటుంది. కాబట్టి ఎఫ్ 5.6 జూమ్ ఉన్నవారు పెద్ద స్పాట్ లైట్లున్న హాళ్ళకు, పగటి వెలుతురు మిగిలున్న సాయంత్రపు ఆరుబయట వేదికలకు దాన్ని వాడండి. హైదరాబాద్ శిల్పారామం లాంటి ఆరుబయట రంగస్థలాల్లో మొదటి అరగంట దానితో హాయిగా తీయొచ్చు, చీకటి పడ్డాక 85 ఎఫ్ 1.8 కి మారండి. ఎఫ్ 4 జూమ్ మధ్యే మార్గం. నేటి ఫుల్ ఫ్రేమ్ బాడీలకు (లెన్సు లేని కెమెరాలకు) ఐఎస్ఓ 6400 పెద్ద ఇబ్బంది కాదు కనుక, నెలకు ఒకటి రెండు కార్యక్రమాలు తీసేవారికి మా ఓటు దానికే.

బుర్రకథ వంటి వాటికి ఈ రెండు లెక్కలూ కుదరవు. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో వంతలు, ముగ్గురూ కలిసి ముందుకీ వెనక్కీ అడుగులేస్తారు. ఒక్కరిని కోసి తీస్తే మాటకు మాట అందించే ఆట పోతుంది. దగ్గరగా కూర్చుని 24-70 వాడండి. తిరువైయారులో పుష్య బహుళ పంచమి నాటి త్యాగరాజ ఆరాధన కూడా అంతే: పంచరత్నాలు పాడే విద్వాంసులు వేదిక మీద కాకుండా ఎదురెదురుగా బారులు తీరి కూర్చుంటారు. బారుల చివర నుంచి 35 ఎంఎం దగ్గర తీస్తే ఆ లోతు కనిపిస్తుంది, 200 పట్టుకెళ్తే ఎవరిదో ఒకరి ముఖం తప్ప ఏమీ రాదు.

షట్టర్: వేగం, రకం

అభినయానికి 1/250, జతులకు, గెంతులకు 1/500. జడ, పావడా కుచ్చిళ్ళు గిరుక్కున తిరిగేటప్పుడు 1/250 చాలదు, అంచులు చెరిగిపోతాయి. పాడేవారికి 1/160 సరిపోతుంది. మృదంగం, ఘటం, కంజీర వేళ్ళను ఆపాలంటే 1/500 కావాలి. కానీ ఆపడం ఎందుకు? 1/60 లో ముఖం స్పష్టంగా ఉండి వేళ్ళు మాత్రం చెదిరితే తని ఆవర్తనం (లయవాద్యాలు మాత్రమే వాయించే భాగం) వేగం తెలుస్తుంది. పది తీస్తే రెండు నిలుస్తాయి, తని ఆవర్తనం పదిహేను నిమిషాలుంటే అది చాలా సమయమే.

మెకానికల్ షట్టరా, ఎలక్ట్రానిక్ షట్టరా అన్నదానికీ కచేరీకి, నాట్యానికి జవాబు వేరు. ఆలాపన మంద్రస్థాయిలో ఉండగా మెకానికల్ షట్టర్ టకటకలు మూడు వరుసల దాకా వినిపిస్తాయి. అక్కడ నిశ్శబ్ద ఎలక్ట్రానిక్ షట్టర్ మర్యాద. నాట్యంలో నట్టువాంగం (తాళాలు వాయిస్తూ నాట్యాన్ని నడిపించడం) తాళాల చప్పుడు, గజ్జెల మధ్య మీ షట్టర్ ఎవరికీ వినబడదు. పైగా ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను పై నుంచి కిందికి వరుసగా చదువుతుంది కనుక వేగంగా కదిలే చెయ్యి వంకరగా వస్తుంది. చాలా వేగంగా చదివే స్టాక్డ్ సెన్సర్లున్న ఖరీదైన బాడీల్లో ఈ బాధ చాలా తక్కువ. మామూలు బాడీ ఉన్నవారు నాట్యానికి మెకానికల్ వాడండి.

ఎల్ఈడీ లైట్లు వచ్చాక ఇంకో తలనొప్పి మొదలైంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి పాత ట్యూబు లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. కెమెరాలోని యాంటీ ఫ్లికర్ దాన్ని పట్టి సరైన క్షణంలో షట్టర్ వేస్తుంది. ఎల్ఈడీ లైటును డిమ్ చేసినప్పుడు మిణుకు అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా ఉండొచ్చు. అది మామూలు యాంటీ ఫ్లికర్‌కు అందదు. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఫోటో మీద అడ్డచారలు పడతాయి. నిశ్శబ్దం కావాలి, చారలు వద్దు అనుకుంటే 1/100 లేదా 1/50 కి దిగి చూడండి, పాడేవారికి అది చెల్లుతుంది. అమెరికాలో స్కూలు ఆడిటోరియాల్లో మన సంఘాల కార్యక్రమాలు తీసేవారికి కరెంటు 60 హెర్ట్జ్, అక్కడ 1/60, 1/125 వాడాలి. వెనక ఎల్ఈడీ తెర ఉంటే మైకు పరీక్షిస్తున్నప్పుడే 1/125, 1/250, 1/500 లో ఒక్కొక్కటి తీసి, తెర భాగాన్ని పెద్దది చేసి చూసుకోండి. చారలు ఎక్కడ మొదలయ్యాయో ఆ రాత్రికి అదే మీ హద్దు.

వెలుతురు కొలత, రంగు

కచేరీలో లైటు మొదటి వర్ణం నుంచి మంగళం దాకా మారదు. ముఖం మీద స్పాట్ మీటరింగ్‌తో (ఒక చిన్న చోటనే వెలుతురు కొలిచే పద్ధతి) ఒకసారి కొలిచి, మాన్యువల్‌లో పెట్టేసి మర్చిపోండి. ఆటో మోడ్‌లో ఉంచితే, తెల్ల ధోవతి ఫ్రేమ్‌లోకి వచ్చినప్పుడల్లా ముఖం నల్లబడుతుంది, నల్ల తెర ఎక్కువైనప్పుడల్లా తెల్లబోతుంది.

నాట్యంలో లైటింగ్ మనిషి ప్రతి చరణానికీ ఏదో ఒకటి మారుస్తాడు. ఎపర్చర్, షట్టర్ మీరు పెట్టి, ఐఎస్ఓను 12800 హద్దుతో ఆటోకు వదలండి. వెనక నల్ల తెర ఉంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గించండి, లేదంటే కెమెరా చీకటి చూసి కంగారుపడి ముఖాన్ని కాల్చేస్తుంది. వెనక వెలిగే ఎల్ఈడీ తెర ఉంటే కథ తిరగబడుతుంది. తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ కొలత ఊగుతుంది, ఆటో ఐఎస్ఓ అక్కడ పనికిరాదు. అలాంటి కార్యక్రమానికి మాన్యువలే మంచిది, పది ఫోటోలు చీకటైనా సరే.

ఎరుపు, నీలం ఎల్ఈడీ లైట్లలో మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుతురు పంపకం చూపే గ్రాఫు) అంతా బాగున్నట్టే చెబుతుంది. మూడు రంగులు విడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకుంటే ఎరుపు ఒక్కటే కుడి గోడకు కొట్టుకుని ఉంటుంది. ముఖంలో కన్ను, ముక్కు గీతలు పోయి ఎర్రటి ముద్ద మిగిలేది అందుకే. ఒక స్టాపు తగ్గించి, రా ఫైలులో (కెమెరా కుదించి మార్చని అసలు బొమ్మ) తీయండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచితే ప్రతి ఫోటోకీ చీర రంగు మారుతుంది. పాత హాలోజెన్ స్పాట్లకు 3200 కెల్విన్, తెల్ల ఎల్ఈడీలకు 5000 పైన ఒక అంకె పెట్టి వదిలేయండి. టెంపుల్ జ్యువెలరీ, జరీ అంచు మెరుపులు తెల్లగా కాలినా పట్టించుకోకండి. నుదురు, ముక్కు మీద వెలుగు కాలకుండా ఉంటే చాలు.

ఫోకస్, క్షణం

కంటిని పట్టుకునే ఆటో ఫోకస్ కచేరీలో అద్భుతంగా పనిచేస్తుంది, మైకు అడ్డం రానంతవరకు. నాట్యంలో మాత్రం దాన్ని పూర్తిగా నమ్మొద్దు. నర్తకి వెనక్కి తిరగగానే అది పక్కన కూర్చున్న నట్టువాంగం వారి ముఖం మీదికి దూకుతుంది, ఆమె తిరిగి ముందుకు వచ్చేసరికి ఒక సెకను పోతుంది. జోన్ ఫోకస్‌లో చిన్న చతురస్రం పెట్టి, దాని లోపలే కన్ను వెతకమనండి. భామాకలాపంలో సత్యభామ ప్రవేశం దీనికి పెద్ద పరీక్ష: ఇద్దరు తెర పట్టుకుని ఉంటారు, తెర మీదుగా జడ మాత్రం బయటికి పడుతుంది. కెమెరాకు దొరికే కళ్ళు తెర పట్టుకున్నవారివే, ఫోకస్ వాళ్ళ మీదే పడుతుంది. ఆ ఘట్టానికి ముందే సింగిల్ పాయింట్‌కు మారి జడ మీద పెట్టుకోండి. తెర తొలగగానే అదే దూరంలో ముఖం ఉంటుంది.

సెకనుకు ఇరవై ఫోటోల బరస్టా, లెక్కపెట్టి నొక్కే ఒక్క ఫోటోనా? తాళం తెలిస్తే రెండోదే. జతి చివర ముక్తాయింపు సాధారణంగా మూడుసార్లు వస్తుంది. మొదటిసారి వినండి, రెండోసారి ఫ్రేమ్ సరిచూసుకోండి, మూడోది సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడి భంగిమ నిలిచే చోట మూడు నాలుగు ఫోటోలు తీయండి. తని ఆవర్తనం చివరి కోర్వైకీ (మూడుసార్లు తిప్పి ముగించే లయ వరస) ఇదే లెక్క. బరస్ట్ నొక్కి పట్టుకున్నవారికి రెండువేల ఫోటోలు వస్తాయి, అందులో సమం మీద పడినవి వెతకడానికి ఆదివారం పోతుంది. ఇంకోటి, సమం పడ్డాక కొద్ది క్షణాలు నర్తకి కదలకుండా ఉంటుంది. 1/250 లో కూడా పదునుగా వచ్చేది అప్పుడే, ఎఫ్ 5.6 లెన్సు వాళ్ళు ప్రాణం పెట్టాల్సింది అక్కడే.

ఒక్కటే కొనగలిగితే

సంగీతం ఎక్కువ తీసేవారు 85 ఎఫ్ 1.8 కొనండి, క్రాప్ బాడీ ఉంటే 50 ఎఫ్ 1.8 తో మొదలుపెట్టొచ్చు. నాట్యం ఎక్కువైతే 70-200 ఎఫ్ 4, లేదా పాత మౌంట్ (లెన్సు బిగించే అమరిక) ఎఫ్ 2.8 సెకండ్ హ్యాండ్‌లో, అడాప్టర్‌తో. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు 200 దగ్గర, ఎఫ్ 2.8 లో, పది మీటర్ల దూరంలో ఫోకస్ సరిగ్గా పడుతోందో లేదో తీసి చూడకుండా డబ్బివ్వకండి. అరంగేట్రం లాంటి పెద్ద రోజుకైతే ఎఫ్ 2.8 అద్దెకు తెచ్చుకోవడం మేలు. ఒకరోజు ముందు తెచ్చుకుని రిహార్సల్‌లో వాడి చూడండి. కొత్త బాడీ అన్నిటికంటే చివర కొనాల్సింది.

ట్రైపాడ్ నడవలో అడ్డం, చాలా హాళ్ళు ఒప్పుకోవు. మోనోపాడ్ చాలు. ఫ్లాష్ ఎవరు అనుమతించినా వాడొద్దు. కళాకారుల కళ్ళకు ఇబ్బంది, పైగా లైటింగ్ వేసిన నీడలన్నీ చెరిపేస్తుంది. ఫోకస్ కోసం వెలిగే ఎర్రదీపం, తీయగానే తెర మీద వెలిగే ప్రివ్యూ రెండూ ఆపేయండి.

ఫోన్ మాత్రమే ఉన్నవారికి నైట్ మోడ్ కచేరీలో చెల్లుతుంది, నాట్యంలో చెల్లదు. అది చాలా ఫ్రేములు కలిపి ఒకటి చేస్తుంది, కదిలే చెయ్యి రెండు మూడు చేతులవుతుంది. నైట్ మోడ్ ఆపి, ముఖం మీద వేలు నొక్కి ఉంచి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కొద్దిగా కిందికి జరపండి. ఐదు రెట్ల జూమ్ కంటే రెండు రెట్లలో తీసి తర్వాత కత్తిరించుకోవడమే చాలాసార్లు శుభ్రంగా వస్తుంది. చీకట్లో చాలా ఫోన్లు టెలీ లెన్సు వదిలేసి ప్రధాన లెన్సు బొమ్మనే సాగదీస్తాయి.

చివరిగా లెన్సు ముందు బిగించిన యూవీ ఫిల్టర్ తీసేయండి. నల్ల తెర మీద స్పాట్ లైట్ల ప్రతిబింబాలు ఆకుపచ్చ చుక్కలుగా తేలేది ఎక్కువగా దానివల్లే.